సుద్దముక్క పట్టుకోవడం నేర్పినవాళ్ళు

నల్లబల్లను పైనుంచి కిందికి తుడవాలే తప్ప అడ్డంగా తుడవకూడదని నేర్చుకుని నాకు నలభై ఏళ్ళు దాటింది. అడ్డంగా తుడిస్తే సుద్దపొడి గాలిలోకి లేచి, ముందు వరుసలో నేల మీద కూర్చున్న పిల్లల కళ్ళలో పడుతుంది. నిలువుగా తుడిస్తే బల్ల కింది అంచు మీదికి జారి అక్కడే ఆగుతుంది. 1984లో ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న రోజుల్లో మా అధ్యాపకులు ఒకరు గుడ్డ తీసుకుని తానే తుడిచి ఈ తేడా చూపించారు. పదవీ విరమణ చేశాక, ఈ మధ్య ఒకరోజు మా మనవరాలి బొమ్మల బోర్డును తుడుస్తూ ఉంటే, నా చేయి తనంతట తానే పైనుంచి కిందికి కదిలింది. "అమ్మమ్మా, అలా ఎందుకు తుడుస్తావు?" అని ఆ పిల్ల అడిగింది. ఆ బోర్డు మీద సుద్ద లేదు, ఎగిరే పొడీ లేదు. అయినా చేయి తన అలవాటును మరచిపోలేదు.

ఆ రోజంతా నా పని జీవితం కళ్ళ ముందు తిరిగింది. శిక్షణలో విన్న ఉపన్యాసాల్లో ఒక్కటైనా నాకిప్పుడు పూర్తిగా గుర్తు లేదు. విద్యా మనోవిజ్ఞానంలో మంచి మార్కులే వచ్చాయి గాని, ఆ పుస్తకంలోని వాక్యాలు తరగతి గదిలో ఎన్నడూ నా నోటికి రాలేదు. అయితే ఎవరో ఒకరు నా తరగతిలో వెనక కూర్చుని చూసి చెప్పిన మాటలు, నా ఎదుట చేసి చూపించిన పనులు మాత్రం నా గొంతులోకి, చేతిలోకి, నేను పిల్లల ముందు నిలబడే తీరులోకి చేరిపోయాయి. నేను ఏ విధమైన పంతులమ్మనయ్యానో చెప్పాలంటే వాళ్ళ గురించి చెప్పాలి.

నా కంటే ముందు మా మాస్టారి గురించి చెప్పాలి. నేను 1968 నుంచి అయిదేళ్ళు కోనసీమలోని ఒక పంచాయతీ సమితి బడిలో చదువుకున్నాను. అది ఏకోపాధ్యాయ పాఠశాల. మా మాస్టారు బేసిక్ ట్రైనింగ్ పొందినవారు. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన చదువు, అంటే చేతిపని కేంద్రంగా అన్ని విషయాలూ నేర్పాలన్న నయీ తాలీం, ఆయన చదివిన శిక్షణ పాఠశాలలో నిత్యజీవితంగా ఉండేదట. మేము బడిలో చేరేనాటికి ఆ పద్ధతి పాఠశాలల్లో దాదాపు మాసిపోయింది. పై నుంచి దూది రాదు, నూలు వడికే తకిలీలు అడిగేవారు లేరు. అయినా ఆయన ప్రతి శుక్రవారం మధ్యాహ్నం తన సొంత సంచిలోంచి దూది ఏకులు తీసి మాకు పంచేవారు. బొటనవేలితో తకిలీని తిప్పి వదిలి, ఏకును మెల్లగా పైకి లాగుతూ ఉంటే సన్నటి పోగు పుట్టుకొచ్చేది. తెగిన పోగును తడివేళ్ళతో అతకడం నాకు బాగా వచ్చేది.

వడికిన నూలును ఒక చెక్క మీద చుట్టించి, ఒక్కో చుట్టు ఎంత పొడుగు ఉందో ముందు మా చేత కొలిపించేవారు. నాలుగు అడుగులు వచ్చేది. "ఒక చుట్టు నాలుగు అడుగులైతే, నీ చిలపలో ఇరవై అయిదు చుట్లున్నాయి, ఎంత పొడుగు నూలు వడికావమ్మా?" అని అడిగేవారు. నాలుగో ఎక్కం నేను అలా నేర్చుకున్నాను. పుస్తకంలో ఆ లెక్క ఎక్కడా లేదు. ప్రభుత్వం ఆ పద్ధతిని పక్కన పెట్టింది గాని, యౌవనంలో తన చేతులతో చేసిన పనిని ఆయన చేతులు పక్కన పెట్టలేకపోయాయి. ఒక తరం ఉపాధ్యాయుల శిక్షణ ఆ తరంతోనే పోదని, వాళ్ళ దగ్గర చదువుకున్న పిల్లల్లో ఇంకో తరం పాటు బతుకుతుందని అప్పుడు నాకు తెలియదు. తరువాత నేను టీచరునై భిన్నాలు చెప్పవలసి వచ్చిన మొదటి రోజున, ఏమీ ఆలోచించకుండానే ఒక దారం ముక్క తీసి పిల్లల ముందు మడతపెట్టాను.

నేను శిక్షణకు వెళ్ళేనాటికి జిల్లా విద్యా శిక్షణ సంస్థలు, అంటే డైట్‌లు ఇంకా రాలేదు. 1986 జాతీయ విద్యా విధానం తరువాతే జిల్లాకొక డైట్ వచ్చింది. నేను టి.టి.సి. అనే ఉపాధ్యాయ శిక్షణ కోర్సు చదివిన సంస్థ గోదావరి ఒడ్డున పాత పెంకుటింట్లో నడిచేది. అక్కడ మా రోజులన్నీ పాఠ్య పథకం చుట్టూ తిరిగేవి. పొడుగాటి తెల్ల కాగితాన్ని గీతలు కొట్టి అయిదు గళ్ళుగా విభజించేవాళ్ళం: విషయాంశం, ఉపాధ్యాయ కృత్యం, విద్యార్థి కృత్యం, నల్లబల్ల పని, మూల్యాంకనం. పాఠం పిల్లల మనసును విషయం వైపు తిప్పే ఉన్ముఖీకరణంతో మొదలై, శీర్షికా ప్రకటన, టీచరు చదివి వినిపించే ఆదర్శ పఠనం, పిల్లలు పైకి చదివే ప్రకాశ పఠనం, కఠిన పదాల వివరణ, మౌన పఠనం, పునశ్చరణ మీదుగా ఇంటిపనికి చేరాలి. జర్మనీ తత్వవేత్త హెర్బార్ట్ ఆలోచనల నుంచి ఆయన శిష్యులు పంతొమ్మిదో శతాబ్దంలో తయారుచేసిన సోపానాలే ఊళ్ళూ భాషలూ దాటి మా గళ్ళ కాగితాల దాకా వచ్చాయని చాలా కాలం తరువాత చదివి తెలుసుకున్నాను. ఆ సోపానాలను ఇప్పుడు తేలికగా తీసిపారేసేవారు ఉన్నారు. నేను తీసిపారేయలేను. పాఠం మొదలుపెట్టే ముందు, ఈ సంగతి గురించి పిల్లవాడికి ఇదివరకే ఏమి తెలుసు అని ఆగి అడగడం నాకు నేర్పింది ఆ మొదటి సోపానమే.

అయితే నా పాఠం తీరు నిజంగా మారింది గళ్ళ కాగితం వల్ల కాదు, ఒక విమర్శ పాఠం వల్ల. తోటి ఛాత్రోపాధ్యాయులందరి ఎదుటా చెప్పవలసిన పాఠం అది. మూడో తరగతికి, మొక్కల భాగాల గురించి చెప్పాను. వేళ్ళతో సహా పీకి తెచ్చిన తోటకూర మొక్క, రంగుల పటం, చుట్టి తీసుకెళ్ళే రోలప్ బోర్డు అన్నీ సిద్ధంగా పెట్టుకున్నాను. పాఠం చక్కగా నడిచిందనే అనుకున్నాను. వెనక కూర్చున్న మా అధ్యాపకులు రికార్డులో రెండే వాక్యాలు రాశారు. "ప్రశ్న వేసిన వెంటనే మీరే జవాబు చెప్పేశారు, పదకొండు సార్లు. 'అర్థమైందా' అని తొమ్మిది సార్లు అడిగారు, తొమ్మిది సార్లూ ఒకే జవాబు వచ్చింది."

ఆ సాయంత్రం ఆయన నన్ను పిలిచి కూర్చోబెట్టి మాట్లాడారు. "అమ్మా, 'అర్థమైందా' అని అడిగితే ఏ పిల్లవాడైనా అర్థమైందనే అంటాడు. కాలేదంటే తన తప్పు అవుతుందని వాడికి తెలుసు. నీకు నిజంగా తెలియాలంటే ఇంకో ప్రశ్న వెయ్యి. వేసి ఊరుకో. మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టు. ఆ మూడు అంకెలూ నీకు యుగాల్లాగా అనిపిస్తాయి. పిల్లవాడికి మాత్రం అప్పుడే ఆలోచన మొదలవుతుంది" అన్నారు. మర్నాడు ఇంకో తరగతిలో నన్ను నిలబెట్టి, తాను గుమ్మం దగ్గర నిలబడి, నేను ప్రశ్న వేసిన ప్రతిసారీ మూడు వేళ్ళు ఒకదాని తరువాత ఒకటి తెరిచి చూపించారు. మూడో వేలు తెరుచుకున్నాక ఒక్కో చేయి లేవడం నేను మొదటిసారి చూశాను. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యావేత్త 1970లలో దీని మీదే పరిశోధన చేసి, టీచర్లు మామూలుగా ఒక్క సెకను మాత్రమే ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయని, ఎన్నడూ మాట్లాడని పిల్లలు నోరు విప్పుతారని తేల్చారు. మా అధ్యాపకులకు ఆ పరిశోధన తెలుసో లేదో నేను అడగలేదు.

1986లో నాకు మన్యంలో ఉద్యోగం వచ్చింది. ఒకే హాలు, ఒక వరండా, అయిదు తరగతులు, ఇద్దరం టీచర్లం. మా పెద్ద మాస్టారు తరచుగా మండల కార్యాలయం పనుల మీద వెళ్ళవలసి వచ్చేది కనుక చాలా రోజులు నేనొక్కదాన్నే. శిక్షణలో నేను రాసిన పాఠ్య పథకాలన్నీ ఒక గదిలో ఒకే తరగతి, నలభై మంది పిల్లలు, నలభై నిమిషాలు అన్న లెక్క మీద రాసినవి. ఇక్కడ నేను మూడో తరగతికి ఉన్ముఖీకరణం చేస్తూ ఉంటే ఒకటో తరగతి పిల్లలు బలపాలు కొరుక్కుంటూ, అయిదో తరగతివాళ్ళు కిటికీలోంచి మేకల్ని చూస్తూ కూర్చునేవారు. పొరపాటు నాదేనని, నేను పథకాన్ని సరిగ్గా అమలు చేయలేకపోతున్నానని చాలా రోజులు బాధపడ్డాను. మన దేశంలో చాలా పల్లె బడులు ఇలాగే ఉంటాయి, నీ పథకం ఇక్కడికి సరిపోదు అని నాకు ముందుగా చెప్పినవారు లేరు. అప్పటి శిక్షణల్లో నేను ఇప్పటికీ క్షమించలేని లోటు అదే.

ఆ బడిలో చేసిన ఒక తప్పు నన్ను ఇప్పటికీ వదలలేదు. ఫ్లాష్ కార్డు మీద ఉడత బొమ్మ చూపించి ఇదేమిటని అడిగాను. ఒక చిన్నవాడు సంబరంగా లేచి తన ఇంటి భాషలో దాని పేరు చెప్పాడు. నేను "తప్పు, ఉడత అనాలి" అన్నాను. పథకంలో ఆ గడిలో "ఉడత" అనే జవాబు రాసి ఉంది మరి. వాడు కూర్చున్నాడు. ఆ తరువాత చాలా నెలలు వాడు నా ప్రశ్నలకు లేవలేదు. వాడి ముఖంలోని సంబరం ఆరిపోవడం నేను చూశాను గాని, ఎందుకు ఆరిపోయిందో అర్థం చేసుకునే చూపు నాకు అప్పటికి లేదు. ఎన్నో ఏళ్ళ తరువాత కోయ, సవర, గోండి, కువి వంటి భాషల్లో చిన్న తరగతులకు వాచకాలు తయారై బడులకు వచ్చినప్పుడు, వాటిని చేత్తో పట్టుకుని నేను ఆ పిల్లవాణ్ణే తలచుకున్నాను.

ఒక గదిలో అయిదు తరగతుల సమస్యకు మన గడ్డ మీదే ఒక జవాబు తయారవుతూ ఉందని కూడా నాకు ఆలస్యంగానే తెలిసింది. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న బడుల కోసం పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, గోడ మీద ఒక నిచ్చెన బొమ్మ పెట్టి, ఏ పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో వాడే చూసుకుని తన కార్డు తీసుకునే పద్ధతిని తయారుచేసింది. కర్ణాటకలో నలి-కలి అనే పద్ధతికి, తమిళనాడులో కృత్యాధార బోధనకు దారి చూపింది అదే. ఆ కార్డులను నేను మొదటిసారి చూసినప్పుడు నాకు సంతోషం కంటే దుఃఖమే ఎక్కువ కలిగింది. మన్యంలో నేను ఒంటరిగా ఉన్న ఆ నాలుగేళ్ళూ గుర్తొచ్చాయి.

1990లో కోనసీమకు బదిలీ అయ్యాను. అపెప్ శిక్షణ నాకు అక్కడే అందింది. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకానికి మేమందరం పెట్టుకున్న పొట్టిపేరు అది. బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో 1980ల నడుమ కొన్ని బడుల్లో ప్రయోగంగా మొదలై, ఆ దశాబ్దం చివర రాష్ట్రమంతటికీ విస్తరించింది. దానికి ఆరు సూత్రాలు ఉండేవి. టీచరే తన పిల్లలకు తగిన కృత్యాలు తయారుచేసుకోవాలి. పిల్లలు చేసి, వెతికి, ప్రయోగించి నేర్చుకోవాలి. ఒంటరిగా, జట్టుగా, తరగతి అంతా కలిసి పనిచేసే వీలు మూడూ ఉండాలి. పిల్లల మధ్య ఉండే తేడాలను గుర్తించాలి. ఊరి పరిసరాలను వాడుకోవాలి. పిల్లల పనిని గోడల మీద ప్రదర్శించి గదిని ఆసక్తికరంగా ఉంచాలి. ఇప్పుడు వింటే ఇవి అందరికీ తెలిసిన మాటలే. అప్పుడు మాలో చాలామందికి, పిల్లలు ఒకరికొకరు ఎదురుగా గుండ్రంగా కూర్చోవచ్చు అన్న మాటే కొత్త. బడిలో పిల్లలంటే టీచరు వైపు తిరిగి వరుసలో కూర్చునేవారు, అంతే.

ఆ శిక్షణలో మమ్మల్ని నేల మీద గుంపులుగా కూర్చోబెట్టారు. చింతపిక్కలు, గవ్వలు, ఖాళీ అగ్గిపెట్టెలు మా ముందు పోసి, వీటితో రెండో తరగతికి ఏమి నేర్పగలరో చేసి చూపించండి అన్నారు. పెద్దవాళ్ళమంతా చింతపిక్కల కోసం చేతులు చాచడం నాకు బాగా గుర్తుంది. నేను మా గుంపుతో కలిసి కొబ్బరి ఈనెలు తెచ్చి, సమానంగా విరిచి, పదేసి చొప్పున దారంతో కట్టాను. మా ప్రాంతంలో ఈనెలకు కొదవ లేదు.

బడికి తిరిగి వెళ్ళాక అదే కట్టలతో రెండో తరగతికి తీసివేత చెప్పాను. నలభై రెండులోంచి పదిహేడు తీయాలి. ఒక పిల్ల ముందు నాలుగు కట్టలు, రెండు విడి ఈనెలు పెట్టాను. ఏడు తీసుకోమన్నాను. రెండే ఉన్నాయని ఆగింది. నాకు అలవాటైన మాటే నోటికొచ్చింది: "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో." ఆ పిల్ల నా వైపు చూసి, ఒక కట్ట తీసుకుని, దారం విప్పి, పది ఈనెలనూ రెండింటి పక్కన పోసింది. పోసి, "అప్పెందుకు టీచర్, మన కట్టే కదా విప్పుకున్నాం" అంది.

నేను పుస్తకంలోనూ శిక్షణలోనూ చదివిన స్థానవిలువ అంతా ఆ ఒక్క మాటలో ఉంది. అప్పు అనే మాటలో తిరిగి ఇవ్వడం ఉంటుంది. ఇక్కడ ఇవ్వవలసింది ఏమీ లేదు, పదిని పది ఒకట్లుగా మార్చుకున్నాం, అంతే. ఆ రోజు నుంచి పదవీ విరమణ దాకా నా తరగతిలో ఎవరూ అప్పు తెచ్చుకోలేదు. కట్ట విప్పుకున్నారు. కూడికలో కట్ట కట్టుకున్నారు. ఆ పిల్ల నా చేత ఆ మాట మార్పించింది నిజమే. అయితే ఈనెలు దాని చేతికి అందించడం నాకు నేర్పింది మాత్రం ఆ శిక్షణ. అందుకే ఎవరైనా శిక్షణల వల్ల ఏమి ఒరిగిందని అడిగితే నాకు ఆ దారం విప్పిన చిన్న వేళ్ళే కళ్ళ ముందుకు వస్తాయి.

చదవడం నేర్పే పద్ధతి కూడా ఆ రోజుల్లోనే మారింది. అక్షరమాలతో కాకుండా వల, తల, కల, పలక వంటి పిల్లలకు తెలిసిన చిన్న మాటలతో మొదలుపెట్టి, వాటిలోంచి అక్షరాలను విడదీయమన్నారు. ఊళ్ళో అమ్మమ్మలు ఊరుకోలేదు. "అఆలు చెప్పరా టీచరమ్మా, ఇదేం చదువు?" అని గుమ్మం దగ్గరికి వచ్చి అడిగేవారు. నేను పొద్దున మాటలతో చదివించి, సాయంత్రం బడి వదిలే ముందు అక్షరమాల పాడించేదాన్ని. అది శిక్షణకు విరుద్ధమని ఎవరైనా అంటారేమోనని భయపడ్డాను గాని, ఊరి మనసు కూడా బడిలో భాగమేనని ఇప్పుడూ నమ్ముతాను.

అపెప్‌లో నాకు అన్నింటికంటే విలువైనవి టీచర్ సెంటర్లు. దగ్గర దగ్గర బడుల టీచర్లమంతా ఏడాదిలో కొన్నిసార్లు ఒక బడిలో కలిసేవాళ్ళం. ఒకరు నిజమైన పిల్లలకు నిజమైన పాఠం చెప్పేవారు, మిగతావాళ్ళం వెనక కూర్చుని చూసేవాళ్ళం. మా సెంటర్‌లో ఒక పెద్ద మాస్టారు ఉండేవారు. ఆయనకు కృత్యాలంటే గిట్టేది కాదు. "ఆటలాడిస్తూ కూర్చుంటే చదువెప్పుడమ్మా?" అనేవారు. ఆయన వంతు వచ్చిన రోజున పటం లేదు, చింతపిక్కలు లేవు. కుర్చీలో కూర్చుని, "కోటిపల్లి రేవులో పంటు ఆగింది" అని మొదలుపెట్టారు. ఆ రేవు దాటించే పడవలో ఎంతమంది ఎక్కారో, వాళ్ళలో పెళ్ళివారెందరో, మేకల్ని తోలుకొచ్చినవాడు మేకకు ఎంత చొప్పున ఇచ్చాడో చెబుతూ, నది మధ్యలో పంటును ఆపి, "ఇప్పుడు పంటు మీద ఎన్ని కాళ్ళున్నాయిరా?" అని అడిగారు. పిల్లలు ఊపిరి బిగబట్టి లెక్క వేశారు. మా రంగు కార్డుల పాఠాల్లో దేనికీ అంత నిశ్శబ్దం రాలేదు.

మేము ఆ రోజు ఆయన దగ్గర నేర్చుకున్నాం. ఆయన కూడా మా దగ్గర ఒకటి తీసుకున్నారు. తరువాతి సమావేశానికి ఆయన బడిలో కలిసినప్పుడు, గోడ పొడుగునా కొబ్బరి నారతాడు కట్టి, పిల్లలు గీసిన పంటు బొమ్మలు వరుసగా వేలాడదీసి ఉన్నాయి. ఒక్కో బొమ్మ కింద ఆ పిల్లవాడు సొంతంగా అల్లిన లెక్క ఉంది. ఆయన కుర్చీ మాత్రం కుర్చీ స్థానంలోనే ఉంది. శిక్షణ మనిషిని కొత్తగా తయారుచేయదని, ఉన్న మనిషికి ఇంకొక కిటికీ తెరుస్తుందని నాకు ఆ తాడు చూశాకే అర్థమైంది.

ఆ తరువాత శిక్షణలు చాలా వచ్చాయి. కనీస అభ్యసన స్థాయిలు, జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం (డి.పి.ఇ.పి.), సర్వశిక్షా అభియాన్, నిరంతర సమగ్ర మూల్యాంకనం, ఇటీవలి నిష్ఠ అనే టీచర్ల శిక్షణ దాకా నేను అన్నింటికీ హాజరయ్యాను. వాటిలో మంచి ఆలోచనలు లేవని అనను. అయితే రాష్ట్రం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి మెట్లు దిగివచ్చేసరికి చేసి చూపించే భాగం ఎక్కడో జారిపోయి, చెప్పే భాగం మాత్రమే మాకు మిగిలేది. ఒక వేసవిలో పెద్ద హాలులో వంద మందికి పైగా వరుసల్లో కూర్చుని, జట్టు పని ఎలా చేయించాలన్న మాడ్యూలును ఒకరు మైకులో చదువుతూ ఉంటే రెండు రోజులు విన్నాము. చెప్పినవారిదీ తప్పు కాదు, ఆయన కూడా తనకంటే పైమెట్టు మీద అలాగే విని వచ్చారు. నాకు మాత్రం ఆ రెండు రోజులూ గుమ్మం దగ్గర మూడు వేళ్ళు తెరిచిన చేయి గుర్తొస్తూనే ఉంది. వంద మందికి ఒక మైకు ఇచ్చే బదులు, పది మంది టీచర్లను ఒక పిల్లల తరగతిలో వెనక కూర్చోబెట్టి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ మనసు తపిస్తుంది.

నా చివరి ఏళ్ళలో మా బడికి ఒక యువ మాస్టారు వచ్చారు. డైట్‌లో చదివినవారు, జాతీయ విద్యా ప్రణాళికా చట్రం 2005 తరువాతి తరం. ఆయన తరగతిలో పిల్లలు బాగా మాట్లాడేవారు. బొమ్మ చూపించి జవాబు అడగడం కాదు, ఆ బొమ్మ మీద పిల్లలనే కథ అల్లమనేవారు. వాళ్ళు తమ ఇంటి మాటల్లో చెప్పింది చెప్పినట్టు బోర్డు మీద రాసి, దాన్నే వాళ్ళ చేత చదివించేవారు. మన్యంలో ఉడత పాఠం నాడు నాకు తెలియనిది ఆయనకు తొలినాటి నుంచీ తెలుసు. నేను అడిగి మరీ ఆయన తరగతిలో వెనక కూర్చున్నాను. ఆయన నా తరగతిలో కూర్చున్నారు. "మేడమ్ గారూ, మీరు బోర్డు మీద రాస్తూ కూడా పిల్లల వైపే ఉంటారు, అదెలా?" అని అడిగారు. బల్లకు పూర్తిగా ఎదురు తిరగకుండా, ఒక భుజం పిల్లల వైపు ఉంచి ఏటవాలుగా నిలబడి రాయడం శిక్షణలో మాకు సాధన చేయించారని చెప్పి, సుద్దముక్క ఇచ్చి నిలబెట్టాను. రెండు రోజులు ఆయన అక్షరాలు వరుస తప్పి పైకి ఎగబాకాయి. మూడో రోజుకు వరుసలోకి వచ్చాయి. పిల్లల కథను వాళ్ళ మాటల్లోనే రాయడం నేను ఆయన దగ్గర నేర్చుకున్నాను. అప్పటికి నాకు అరవై దగ్గర పడుతున్నాయి.

పదవీ విరమణకు ముందు ఏడాది డైట్ నుంచి ఛాత్రోపాధ్యాయులు మా బడికి ఇంటర్న్‌షిప్‌కు వచ్చారు. వాళ్ళలో ఒకమ్మాయి పాఠాన్ని పరిశీలించే పని నాకు వచ్చింది. నాలుగో తరగతి, నీటి చక్రం. వెనక గోడకు ఆనుకుని రికార్డు తెరిచి కూర్చున్నాను. ఆ అమ్మాయి చేతులు వణుకుతూనే ఉన్నాయి గాని, మూకుడు మీద మూత పెట్టి తెచ్చిన వేడి నీళ్ళు పిల్లల మధ్య పెట్టి, మూత తీసి, దాని లోపలివైపు పట్టిన చెమ్మ అందరికీ చూపించింది. "ఈ నీళ్ళు మూత మీదికి ఎలా వచ్చాయి?" అని అడిగింది. గది నిశ్శబ్దమైంది. ఆమె పెదవి కదలబోయింది, జవాబు తానే చెప్పేస్తుందనుకున్నాను. కళ్ళెత్తి నా వైపు చూసింది. నేను ఒళ్ళో ఉన్న చేతిని కొద్దిగా పైకెత్తి ఒక వేలు తెరిచాను. తరువాత రెండోది. మూడో వేలు తెరిచేసరికి కిటికీ పక్కన కూర్చున్న పిల్లవాడు, ఎన్నడూ లేవనివాడు, మూత వైపే చూస్తూ మెల్లగా లేచి నిలబడ్డాడు.